ఒక్క ఊరు చాలదంటారు, ఒక్క అంకె చాలదంటారు

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ విభాగంలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్న ఒక పరిశోధకురాలు తన వివరాలు బయటపెట్టవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. రైతులు సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలను బట్టి మిరప తెగుళ్లను గుర్తించే పద్ధతి మీద ఆమె పనిచేస్తున్నారు. గైడ్ ఆమె విభాగానికే చెందిన ఆచార్యులు, కో-గైడ్ వ్యవసాయ విస్తరణ విభాగంలోని మేడమ్. ఆకుల ఫోటోలతో కూర్చిన, అందరూ వాడే ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ మీద ఇప్పటివరకు వచ్చిన ఫలితాల కంటే అర శాతం ఎక్కువ తెస్తే పేపరు పడుతుందనీ, ఊళ్లో తిరిగి రాసుకున్నదానికి ఉపోద్ఘాతంలో ఒక పేరాకు మించి చోటు లేదనీ గైడ్ గారు అంటున్నారు. ఆ శాతాలు ఏ రైతుకూ అక్కరకు రావనీ, ఆ ఊరినే లోతుగా రాయమనీ మేడమ్ అంటున్నారు.

ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉంది. ఆమె అమ్మమ్మగారి ఊరు కావడం వల్ల అక్కడికి వెళ్లడం సులువైంది. వ్యవసాయ పరిశోధన కేంద్రం దగ్గర్లోనే ఉంది, ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది, దాదాపు ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది. రెండు పంట కాలాల పాటు ఆమె అక్కడ ఫోటోలు సేకరించారు, రైతులతో మాట్లాడారు, నోట్సు రాసుకున్నారు. రైతులు ఆకుల కంటే పూతనే ఎక్కువగా చూపించారనీ, అరువు మీద మందులిచ్చే దుకాణదారు మాట కాదని యాప్ చెప్పిన మందు కొనడం తమకు కుదరదని చాలామంది చెప్పారనీ రాశారు. ఇంజనీరింగ్ పత్రిక ఒకటి ఆమె వ్యాసాన్ని ప్రామాణిక డేటాసెట్లతో పోలిక లేదని తిప్పిపంపింది. సామాజిక శాస్త్రాల పత్రిక ఒకటి మరో వ్యాసాన్ని ఈ ఊరే ఎందుకని అడిగి తిప్పిపంపింది. వచ్చే ఏడాదితో ఫెలోషిప్ ముగుస్తుంది. రెండింటిలో దేన్ని వదులుకోవాలి, గైడ్‌ను మార్చుకోక తప్పదా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర మరో రెండు వాక్యాల్లో ఒక సంగతి ఉంది. ఫోటో చూసి తెగులు పేరు చెప్పే తన కంప్యూటర్ మోడల్ ప్లాంట్‌విలేజ్ మీద 99 శాతం దాకా సరిగ్గా చెప్పిందట. దానికి తెల్ల కాగితం మీద పెట్టి తీసిన మిరప ఆకులతో మళ్లీ శిక్షణ ఇచ్చి, రైతులు తోటలో తీసిన ఫోటోల మీద పరీక్షిస్తే సగం కూడా సరిగ్గా చెప్పలేకపోయిందట. ఆ ఫలితాన్ని భయపడి ఇప్పటివరకు ఎవరికీ చూపించలేదట.

మీరు దాదాపు క్షమాపణ చెబుతున్నట్టు రాసిన ఆ రెండు వాక్యాల దగ్గరే నేను మొదలుపెడతాను, ఎందుకంటే మీరు దాచిన ఆ ఫలితమే మీ థీసిస్‌కు ఆయువుపట్టు కాగలదని నా నమ్మకం. అది మీ చేతకానితనానికి గుర్తు కాదు. ప్లాంట్‌విలేజ్‌లోని 54,306 ఫోటోలు 14 పంటలకు, 26 తెగుళ్లకు సంబంధించినవి, వాటిని 38 తరగతులుగా విభజించారు. 2016లో మొహంతి, హ్యూస్, సలాథే ప్రచురించిన పేపరులో వారి మోడల్ ఆ డేటాసెట్‌లో శిక్షణకు వాడకుండా పక్కన ఉంచిన ఫోటోల మీద 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే మోడల్‌ను వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోల మీద పరీక్షించినప్పుడు అది 31 శాతం చిల్లరకు పడిపోయిందని కూడా ఆ రచయితలే అదే పేపరులో దాపరికం లేకుండా రాశారు. తర్వాత వచ్చిన పేపర్లలో చాలావరకు మొదటి అంకెనే ఎత్తి రాసుకున్నాయి. ఈ తేడాకు కారణం ఆ ఫోటోలు తీసిన తీరులోనే ఉంది. ఆకును మొక్క నుంచి తెంపి, బూడిద రంగు లేదా నల్లని కాగితం మీద పరిచి ఫోటో తీశారు. 2022లో వెలువడిన ఒక పరిశీలనలో ఆకును అసలు చూపించకుండా, ఆ కాగితం నేపథ్యం నుంచి తీసుకున్న 8 పిక్సెళ్లతో మాత్రమే శిక్షణ ఇచ్చిన మోడల్ కూడా 49 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా చెబితే రావలసింది 2.6 శాతమే. అంటే ఆ ఫోటోలు ఏ వెలుగులో, ఏ కాగితం మీద తీసినవన్న ఆనవాలు కూడా మోడల్ మార్కుల్లో కలిసిపోతోంది.

ఇంతకంటే సూటిగా మీకు సంబంధించిన విషయం మరొకటి ఉంది. ఆ 38 తరగతుల్లో మిరప కుటుంబానికి దక్కినవి రెండే. రెండూ బుట్ట మిరపకు సంబంధించినవే, ఒకటి బాక్టీరియా మచ్చ, రెండోది ఆరోగ్యంగా ఉన్న ఆకు. గుంటూరు మిరప రైతును వేధించే తామర పురుగుల వల్ల వచ్చే పై ముడత, నల్లి వల్ల వచ్చే కింది ముడత, వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులు అందులో లేవు. మీ గైడ్ గారు అడుగుతున్న అర శాతాన్ని మీరు సాధించినా, అది ఆపిల్, ద్రాక్ష, టమాటా ఆకుల మీద సాధించినదే ఎక్కువగా అవుతుంది.

ఇది చదివి గైడ్ గారిదే పొరపాటని మీరు అనుకోకూడదు. అందరికీ ఒకే కొలత లేకపోతే ఎవరి పద్ధతి మెరుగో తేల్చే దారి ఉండదు, ప్రతి పరిశోధకుడూ తన ఫోటోల మీద తానే గెలుస్తాడు. 2012లో, ఫోటోలో ఏముందో కంప్యూటర్ చేత చెప్పించే ఇమేజ్‌నెట్ పోటీలో లోతైన న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి తప్పుల శాతాన్ని 15.3కు తగ్గించినప్పుడు, రెండో స్థానంలో నిలిచిన పద్ధతి 26.2 దగ్గరే ఉండడం వల్లనే, అప్పటిదాకా నమ్మనివారు కూడా ఆ మార్గాన్ని నమ్మారు. ఉమ్మడి కొలత చేయగలిగిన మేలు అది. ఆ కొలతకూ హద్దు ఉందని ఆ రంగం వారే తర్వాత చూపించారు. 2019లో రెక్ట్, ఆయన సహ పరిశోధకులు ఇమేజ్‌నెట్ తయారైన పద్ధతినే అనుసరించి కొత్త పరీక్ష ఫోటోలను సమకూర్చి, పాత మోడళ్లను వాటి మీద పరీక్షిస్తే, ఖచ్చితత్వం 11 నుంచి 14 శాతం దాకా తగ్గింది. అయితే పాత పరీక్షలో ముందున్న మోడళ్లు కొత్తదానిలోనూ దాదాపు ముందే ఉన్నాయి. ఈ రెండు సంగతులనూ కలిపి చూడండి. బెంచ్‌మార్క్, అంటే ఇలాంటి ఉమ్మడి కొలత, ఏ పద్ధతి దేనికంటే మెరుగో చాలావరకు నమ్మకంగా చెబుతుంది, కానీ మీ తోటలో ఎంత బాగా పనిచేస్తుందో చెప్పదు. గైడ్ గారు మొదటి ప్రశ్నకు జవాబు అడుగుతున్నారు, మేడమ్ రెండోదానికి. ఒకరి ప్రశ్నకు మరొకరి సాధనంతో జవాబు చెప్పబోవడం వల్లనే మీ రెండు వ్యాసాలూ తిరిగి వచ్చాయి.

ఇక సామాజిక శాస్త్రాల పత్రిక అడిగిన ప్రశ్న సంగతి. ఒక్క ఊరితో ఏం తేలుతుందన్నది ఏనాటి నుంచో ఉన్న సందేహం, దానికి ఒక్కో విద్యారంగం ఒక్కో జవాబు ఇచ్చుకుంది. వైద్యంలో ఒకరిద్దరు రోగుల వివరణకు రుజువుగా విలువ తక్కువ, హెచ్చరికగా విలువ చాలా ఎక్కువ. 1981 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌కు చెందిన అయిదుగురు యువకుల్లో కనిపించిన అరుదైన న్యుమోనియా గురించి వెలువడిన చిన్న నివేదికతోనే ఎయిడ్స్ కథ లోకానికి మొదలైంది. అక్కడ ఎవరూ అయిదుగురు చాలరని అనలేదు. మానవశాస్త్రంలో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను శ్యామా చరణ్ దూబే అధ్యయనం చేసి 1955లో పుస్తకంగా ప్రచురించినప్పుడు, ఆ ఊరు దేశంలోని గ్రామాలన్నింటికీ సగటు నమూనా కావాలని ఎవరూ ఆశించలేదు. కులం, పని, కుటుంబం ఒకే చోట ఎలా అల్లుకుని ఉంటాయో చూపడమే ఆ పని. ఒకే ఉదాహరణను లోతుగా పరిశీలించే కేస్ స్టడీ పద్ధతి మీద 1984లో పుస్తకం రాసిన రాబర్ట్ యిన్ చెప్పేదీ ఇదే దారిలో ఉంటుంది. ఒక కేసు నుంచి మనం జనాభాకు లెక్క కట్టము, ఒక సిద్ధాంతాన్ని పరీక్షిస్తాము.

మీకు సూటిగా పనికివచ్చేది బెంట్ ఫ్లూబియర్గ్ 2006లో రాసిన వ్యాసంలోని ఒక ఉదాహరణ. రసాయన ద్రావకాలతో పనిచేసేవారికి మెదడు దెబ్బతింటుందా అని తెలుసుకోవలసివచ్చిన ఒక వైద్యశాల, తన ప్రాంతంలో అలాంటి ద్రావకాలు వాడే చోట్లన్నింటి నుంచీ నమూనా తీసుకోకుండా, శుభ్రత, గాలి వంటి భద్రతా నియమాలన్నీ పాటిస్తున్న ఒకే ఒక్క పని ప్రదేశాన్ని ఎంచుకుంది. అక్కడే నష్టం కనిపిస్తే, నియమాలు సరిగ్గా పాటించని చోట్ల ఎలాగూ ఉంటుందన్నది వారి తర్కం. మీ ఊరిని ఈ వెలుగులో చూడండి. పరిశోధన కేంద్రం పక్కనే ఉన్న, ఇంటింటా స్మార్ట్‌ఫోన్ ఉన్న, రైతు సేవా కేంద్రం అందుబాటులో ఉన్న ఊళ్లోనే ఫోటో ఆధారిత సలహా రైతుకు చేరకపోతే, అంత సదుపాయం లేని ఊళ్లలో చేరుతుందని ఆశించడానికి కారణం తక్కువ. ఈ ఊరే ఎందుకన్న ప్రశ్నకు ఇది బలమైన జవాబు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మొదటి నుంచీ ఇదే ఆలోచనతో ఊరిని ఎంచుకున్నట్టు రాయవద్దు. అమ్మమ్మగారి ఊరు కావడం వల్ల ప్రవేశం దొరికిందని నిజం రాసి, ఆ తర్వాత ఈ ఊరి లక్షణాల వల్ల ఏ ముగింపుకు రావచ్చో, ఏ ముగింపుకు రాకూడదో చెప్పండి. అలా విడమరిచి చెబితే రివ్యూయర్‌కు నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

కేస్ స్టడీ, బెంచ్‌మార్క్ పుట్టుకతోనే శత్రువులు అన్న భావన మీ ఉత్తరం నిండా ఉంది. దాన్ని పోగొట్టుకోవడానికి పఠాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేసిన పనిని ఒకసారి చూడండి. 1975లో ఆ సంస్థ ఆరు గ్రామాలను ఎంచుకుంది. వాటిలో ఔరేపల్లె, దోకూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, మిగిలినవి మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ప్రతి ఊళ్లో 40 కుటుంబాలను, భూమి లేనివారి నుంచి పెద్ద రైతుల వరకు నాలుగు వర్గాల నుంచి పదేసి చొప్పున తీసుకుని, వారి పంటలు, కూలి, అప్పులు, ఖర్చులు ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఊరి మనుషులను దగ్గరగా ఎరిగి చేసిన పని అది. కానీ అందరినీ ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్నలతో, మళ్లీ మళ్లీ అడగడం వల్ల ఆ వివరాలు ప్రపంచంలోని ఆర్థికవేత్తలు తమ సిద్ధాంతాలను పరీక్షించుకునే ఉమ్మడి కొలతగా మారాయి. 1994లో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ ఆ గ్రామాల్లో మూడింటి లెక్కలతో ఒక ప్రశ్నను పరీక్షించారు. ఒక కుటుంబానికి ఆ ఏడు ఆదాయం పడిపోతే దాని తిండీ ఖర్చూ కూడా అంతే పడిపోతాయా, లేక ఊళ్లోని అప్పులూ చేబదుళ్లూ ఆదుకుంటాయా అన్నది ఆ ప్రశ్న. కుటుంబాల వినియోగం సొంత ఆదాయం కంటే ఊరి సగటుతోనే ఎక్కువగా కదులుతోందని తేలింది. మూడు ఊళ్లలో ఒకదానిలో మాత్రం భూమిలేనివారికి ఆ రక్షణ తక్కువగా ఉంది. ఔరేపల్లె అక్కడ కేసూ అయింది, కొలతా అయింది. మీ దగ్గరున్న రెండు పంట కాలాల ఫోటోలు అంత పెద్ద పని కాకపోయినా, వాటికీ ఆ స్వభావం ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి. గైడ్ గారి మాట ప్రకారం బెంచ్‌మార్క్ మీదే పనిచేస్తే, అన్నింటికంటే త్వరగా పూర్తవుతుంది, ఇంటి పరిస్థితుల వల్ల ఫెలోషిప్ ఆగేలోపు డిగ్రీ చేతికి రావడమే ముఖ్యమైతే ఆ దారిలో వెళ్లడం తప్పేమీ కాదు. అయితే అర శాతం మెరుగుదలను మరో ఆరు నెలల్లో ఇంకెవరో దాటుతారు, మిరప మీద అని పేరు పెట్టిన థీసిస్‌లో మిరప తెగుళ్లు ఎక్కడున్నాయని వైవాలో అడిగితే జవాబు కష్టమవుతుంది. మేడమ్ చెప్పినట్టు ఊరి మీదే రాస్తే మీ నోట్సుకు న్యాయం జరుగుతుంది, కానీ మీరు నమోదు చేసుకున్నది కంప్యూటర్ సైన్స్‌లో, పరీక్షకులు ఆ రంగం వారే ఉంటారు, శీర్షికా సినాప్సిసూ మార్చుకోవలసివస్తుంది, ఇంటర్వ్యూలను విశ్లేషించే పద్ధతులను ఇప్పుడు మొదటి నుంచి నేర్చుకోవాలి. నాలుగో సంవత్సరంలో అది బరువైన నిర్ణయం. రెండు భాగాలనూ విడివిడిగా రాసి ఒకే అట్టలో పెట్టడం కొందరు ఎంచుకునే దారి. శ్రమ తక్కువ, కానీ ఈ రెండింటికీ సంబంధమేమిటన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది మరో మార్గం. రైతులు తీసిన ఫోటోలను శిక్షణకు వాడకుండా, పరీక్షకు మాత్రమే ఉంచండి. ప్లాంట్‌విలేజ్ మీద అందరూ వాడే మోడళ్లను మూడు నాలుగింటిని, మీదానితో సహా, మీ తెల్ల కాగితం మీది మిరప ఆకులతో మళ్లీ శిక్షణ ఇచ్చి, ఒకే షరతులతో ఈ ఫోటోల మీద పరీక్షించండి. ఒక తోట ఫోటోలన్నీ ఒకే వైపు ఉండాలి. ఒకవేళ కొన్ని ఫోటోలను శిక్షణకు వాడవలసివస్తే, అదే తోటలోనివి పరీక్షలోకి రాకూడదు, వస్తే మళ్లీ అబద్ధపు మార్కులే వస్తాయి. ఏ ఫోటోలో ఏ తెగులు ఉందో ఇద్దరు సస్యరోగ నిపుణులు ఒకరి జవాబు మరొకరు చూడకుండా గుర్తించాలి. ముడత తామర పురుగు వల్ల వచ్చిందా, నల్లి వల్లా, వైరస్ వల్లా అన్నది ఫోటోలో తేల్చడం నిపుణులకే కష్టం, ఒకే మొక్క మీద రెండూ ఉండవచ్చు. వారిద్దరి ఏకీభావాన్ని కోహెన్ కప్పా వంటి కొలతతో ముందే చెప్పండి. నిపుణులకే పొసగని చోట యంత్రం తప్పిందని అనడం సరికాదు.

ఆ తర్వాతే మీ నోట్సు రంగంలోకి వస్తుంది. మోడల్ తప్పిన ఫోటోలను, మీరు ఊళ్లో తెలుసుకున్న కారణాల ప్రకారం వర్గీకరించండి. చేత్తో పట్టుకుని సాయంత్రం వెలుగులో తీసినవి, మందు కొట్టిన మరకలున్నవి, ఒకే ఫ్రేములో చాలా ఆకులున్నవి. ఏ కారణం వల్ల ఎన్ని తప్పులో అప్పుడు లెక్క తేలుతుంది. కారణాలు కేస్ స్టడీ చెబుతుంది, ఒక్కో కారణం బరువెంతో కొలత చెబుతుంది. రైతులు పూత చూపించారన్న విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. 2021-22లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే గుంపులుగా ఉంటుంది. ఆకు ఫోటోలతో మాత్రమే తయారైన ఏ డేటాసెట్ అయినా, దాని మీద 99.9 శాతం తెచ్చుకున్న ఏ మోడల్ అయినా, ఆ పురుగును పువ్వులో పట్టుకోలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న పరీక్షా పత్రంలోనే లేదు. ఇది రైతులు మీకు చెప్పిన సంగతి, మోడళ్లకు ర్యాంకులిచ్చే ఏ లీడర్‌బోర్డూ చెప్పలేదు. అరువు సంగతి మాత్రం ఈ థీసిస్‌లో ఒక విభాగానికి పరిమితం చేయండి. అది ఎంతో ముఖ్యమైనదే, కానీ దాని మీద మేడమ్‌తో కలిసి వేరే వ్యాసం రాస్తే దానికి తగిన చోటు దొరుకుతుంది.

ఈ మార్గానికీ ఖరీదు ఉంది. నిపుణుల సమయం దొరకాలి, ఫలితాల పట్టికలో పెద్ద అంకెలు ఉండవు, కొత్త పరీక్షా సమితిని ప్రతిపాదించే పేపర్లను కొన్ని సమావేశాలు కొత్త మోడల్ లేదన్న కారణంతో పక్కన పెడతాయి. రెండు పంట కాలాల ఫోటోలు సరిపోతాయో లేదో ముందే చూసుకోండి, ఎందుకంటే నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి, ఆ అదను దాటితే మరో ఏడాది ఆగాలి, మీ ఫెలోషిప్ అంతకాలం ఉండదు. ఫోటోలు కొన్ని తెగుళ్లకే సరిపోతే ఆ కొన్నింటికే పరిమితం కండి.

గైడ్‌ను మార్చుకునే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టమని నా సలహా. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ గైడ్, కో-గైడ్ ఈ విషయం మీద ఒకరితో ఒకరు ఎప్పుడూ కూర్చుని మాట్లాడలేదు, ఒకరి మాట మరొకరికి మీరే మోస్తున్నారు. ఆ భారం మీది కాదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో మీరు పరిశోధన సలహా కమిటీ ముందు పురోగతి చెప్పాలి కదా, దానికి వారం ముందు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. రెండు పేజీల నోటు ముందే పంపండి. అందులో మొదటి వాక్యం మీ పరిశోధన ప్రశ్న కావాలి, ఉదాహరణకు ప్రామాణిక డేటాసెట్ల మీద బాగా పనిచేసే మోడళ్లు రైతు ఫోటోల మీద ఎందుకు, ఎంత మేరకు విఫలమవుతున్నాయి అన్నది. దాని కింద మీరు దాచిన ఫలితాన్ని 2016 పేపరులోని 99, 31 శాతాల పక్కన పెట్టండి. అప్పుడు అది మీ మోడల్ ఓటమిగా కాక, ఆ రంగం మొత్తానికి ఉన్న సమస్యగా గైడ్ గారికి కనిపించే అవకాశం ఎక్కువ. అప్పటికీ ఆయన ఒప్పుకోకపోతే, ఒక అధ్యాయం ఆయన కోరిన ప్రామాణిక పోలికకు ఇచ్చి, ఆ తర్వాతి అధ్యాయం తోట ఫోటోలకు ఇవ్వడం అందరూ అంగీకరించదగిన పద్ధతి. మార్పు గురించి కమిటీని అడగవలసింది అదీ కుదరనప్పుడే.

పేపర్ల గురించి మీకున్న కంగారులో కొంత తగ్గించుకోవచ్చు. థీసిస్ సమర్పించడానికి ముందు పత్రికా ప్రచురణ తప్పనిసరి అన్న షరతును అవే 2022 నిబంధనలు తీసివేశాయి. అయితే చాలా విశ్వవిద్యాలయాలు సొంత నియమాలు పెట్టుకున్నాయి, కాబట్టి మీ విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. గడువు పొడిగింపులో మహిళా పరిశోధకులకు ఉన్న అదనపు రెండేళ్ల వెసులుబాటు గురించి కూడా అప్పుడే అడగండి. తిరిగి వచ్చిన రెండు వ్యాసాల్లో ఇంజనీరింగ్ పత్రిక నుంచి వచ్చినదాన్ని ముందు చేతికి తీసుకోండి, ఎందుకంటే వారు అడిగిన పోలిక పైన చెప్పిన పనిలో మొదటి అడుగే. రెండోది కో-గైడ్‌తో కలిసి తీరిగ్గా తిరిగి రాయవచ్చు.

చివరిగా, ఆ ఫోటోలను ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచే ఆలోచన వస్తే, రైతుల దగ్గర మళ్లీ అనుమతి తీసుకోండి. మీ చదువు కోసం ఇచ్చిన ఫోటోకూ, లోకమంతా దించుకునే ఫోటోకూ తేడా ఉంది. కొన్నింటిలో మనుషులు, ఇళ్లు, పొలం గుర్తులు ఉండవచ్చు, ఫైళ్లలో తోట ఎక్కడుందో చెప్పే జీపీఎస్ వివరాలు ఉండవచ్చు. వాటిని తీసేయండి. ఎవరి తోటలో మోడల్ తప్పిందో, ఎందుకు తప్పిందో ఆ రైతులకు ముందుగా మీరే వెళ్లి చెప్పండి, వారు చెప్పే కారణాలు మీ వర్గీకరణలో లేనివి ఉంటే చేర్చుకోండి. కాయ కోతలు మొదలయ్యాక ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు కనుక ఈ పనిని డిసెంబరు దాటనివ్వవద్దు.